జ్యేష్ఠం రాకముందు

ఆర్.కె. పురం, న్యూఢిల్లీ
27 జూన్ 1998, శనివారం

సుభాషిణి వదినగారికి,

నమస్కారం. మామూలుగా నేను మీకు ఉగాదికీ దసరాకీ తప్ప రాయను. ఈ ఉత్తరం ఇవాళే రాయవలసి వచ్చింది. పొద్దున ఇషితకు తల దువ్వుతూ జుట్టు చెవి వెనక్కి తీస్తే తమ్మెలో వేపపుల్ల కనబడింది. రెండో చెవికీ అంతే. పిల్ల మీ బాపట్ల నుంచి వచ్చి వారమైంది. ఈ వారమంతా మీ అమ్మాయి జానకి దాని జుట్టు చెవుల మీదికి దువ్వి క్లిప్పులు పెడుతుంటే అదేదో కొత్త ఫ్యాషన్ అనుకున్నాను. ముప్పై ఏళ్ళు ఆడపిల్లల బడిలో హెడ్మిస్ట్రెస్‌గా చేసినదాన్ని. దాచడానికి దువ్విన జుట్టేదో, అందానికి దువ్విన జుట్టేదో తెలుసుకోలేకపోయాను.

మీకు తెలిసిన సంగతులే అయినా మరోసారి రాస్తున్నాను. మన మనవరాలి గుండెలో పై గదుల మధ్య గోడకు పుట్టుకతో రంధ్రం ఉంది. నవంబరు 28న తొడ దగ్గరి రక్తనాళంలోంచి సన్నని గొట్టం పంపి, ఆ రంధ్రానికి రెండు వైపులా పట్టుకునే లోహపు బిళ్ళ పెట్టారు. కోసి కుట్టిస్తే మంచిదని నేనన్నాను. రొమ్ము మీద మచ్చ పడుతుందని మీ అమ్మాయీ, కొత్త పద్ధతి అని మా అబ్బాయి అరుణూ అన్నారు. సరే. బిళ్ళ చుట్టూ లోపలి పొర పెరిగేదాకా ఆరు నెలలు జాగ్రత్త అని డాక్టరు చెప్పాడు. పన్ను తీయించినా, చెవులు కుట్టించినా గంట ముందు మందు పడాలి. లేకపోతే సూది మొన మీది క్రిమి రక్తంలో కలిసి నేరుగా వెళ్ళి ఆ బిళ్ళ మీద కూర్చుంటుంది. ఆరు నెలలంటే మే 28.

పిల్లకు బుధవారం నుంచి సాయంత్రాలు జ్వరం. మెట్లెక్కితే రొప్పుతోంది. గురువారం ఆసుపత్రిలో రక్తం తీశారు.

అందుకని అడుగుతున్నాను. చెవులు ఏ రోజున కుట్టించారు? ముందు మందు వేశారా? అక్కడున్నప్పుడు జ్వరం వచ్చిందా? ఫోను చేసి అడగమని అరుణ్ అన్నాడు. మీకు ఫోను రావాలంటే పక్కింటి అంకయ్యగారికి చేయాలి. వాళ్ళ హాల్లో నలుగురి మధ్య నిలబడి మీరు ఏం చెబుతారో నాకు తెలుసు. అన్నిటికీ "బాగానే ఉందండీ" అంటారు. కాగితం మీద రాయండి.

పిల్లను పంపే రోజున జానకితో ఒక మాట చెప్పి పంపాను. అక్కడ దానికి ఏ చిన్న తేడా వచ్చినా ఇదే చివరి వేసవి అని. ఆ మాట మీద నేనింకా ఉన్నాను.

జవాబు కోసం చూస్తూ,
మాణిక్యాంబ

•

బాపట్ల
4 జూలై 1998

మాణిక్యాంబ వదినగారికి నమస్కరించి వ్రాయునది,

మీ ఉత్తరం చదువుతుంటే బెంచీ ఎక్కి నిలబడినట్టే ఉంది. మా చిట్టిబాబు అయితే, "అమ్మా, సంతకం కింద స్కూలు ముద్ర ఒక్కటే తక్కువ" అన్నాడు. తప్పుగా అనుకోకండి, వాడి నోరే అంత.

బంగారుతల్లికి జ్వరమని తెలిసి అన్నం సహించడం లేదు. ఇక్కడున్న అయిదు వారాలూ ఒక్క రోజు కూడా ఒళ్ళు వెచ్చబడలేదండీ. తాటిముంజలు తిన్నది, పాకలో మేకపిల్లకు జానకి అని పేరు పెట్టింది. నేను "జానకీ" అని పిలిస్తే మేక రావాలని పందెం. సూర్యలంక సముద్రం దగ్గరికి తీసుకెళ్తే నీళ్ళలోకి దిగనివ్వలేదని నామీద అలిగి, ఆ రాత్రి చిట్టిబాబు దగ్గర పడుకుంది. రొప్పడమూ లేదు, ఆయాసమూ లేదు.

ఇక చెవులంటారా. ఆరేళ్ళు వచ్చినా బోసి చెవులతో తిరుగుతోందని చూసినవాళ్ళల్లా అడిగారు. మేనమామ ఒడిలో కూర్చోబెట్టి కుట్టించడం మా ఇంట తరతరాల ఆచారం. మీకు తెలియనిది కాదు. ఆరు నెలల మాట జానకి చెప్పింది, నాకూ గుర్తుంది. మే నెలాఖరున, అన్నీ చూసుకునే కుట్టించాం. కంసాలి భీమశంకరం సూదిని వేడినీళ్ళలో మరిగించాడు. పిల్ల ఏడవనైనా లేదు. చిట్టిబాబే కళ్ళు తుడుచుకున్నాడు.

ఢిల్లీలో నీళ్ళు మంచివి కావంటారు. కూలరు గాలి కూడా. స్కూలు బస్సులో పిల్లల్ని కుక్కి కుక్కి తీసుకెళతారని జానకే ఒకసారి రాసింది. జ్వరానికి దారులు చాలా ఉంటాయి వదినగారూ. ఒక్క బాపట్ల దారే చూడకండి.

కందిపొడి, మాగాయ పార్సిలు వేశాను. అందిందా?

మీ దయ కోరే,
సుభాషిణి

•

ఆర్.కె. పురం
11 జూలై 1998

సుభాషిణి వదినగారికి,

పార్సిలు అందింది. మాగాయలో నూనె కారి కందిపొడి సంచీ తడిసింది.

మీ ఉత్తరం నాలుగుసార్లు చదివాను. మే నెలాఖరు అని రాశారు. తేదీ లేదు. మేకపిల్ల పేరు రాసినవారికి తేదీ గుర్తు లేకపోవడం నాకు వింతగా ఉంది. నేను పంచాంగాల మనిషిని కాను. అయినా మన పిల్లల పెళ్ళి మాటలప్పుడు, అరుణూ జానకీ ఇద్దరూ తొలిచూలు పిల్లలే, జ్యేష్ఠమాసంలో తొలిచూలు వాళ్ళకు ఏ శుభకార్యమూ చేయకూడదని మీరే ముహూర్తం నెల వెనక్కి జరిపించారు. ఇషిత కూడా తొలిచూలే. ఈ సంవత్సరం జ్యేష్ఠం మే 26న వచ్చింది. డాక్టరు గడువు మే 28న తీరింది. గడువు తీరాక కుట్టించి ఉంటే జ్యేష్ఠంలో కుట్టించినట్టు. మీరు ఆ పని చేయరు. కాబట్టి జ్యేష్ఠం రాకముందే కుట్టించారు. అంటే ఆరు నెలలు నిండకముందే. గడువు తీరాకే కుట్టించామని జానకికి మీరు చెప్పినదీ అబద్ధమే.

రెండోది. సోమవారం ఆసుపత్రిలో మళ్ళీ రక్తం తీశారు. సాకేత్ వైపు పెద్ద ఆసుపత్రి, మాకు బస్సులో ముప్పావు గంట. సూది గుచ్చిన నర్సుతో ఇషిత అన్న మాట, విన్నది విన్నట్టు రాస్తున్నాను: "దీదీ, ఆప్‌కీ సూయీ దర్ద్ కర్తీ హై. కోటయ్య అంకుల్‌ది అస్సలు నొప్పి లేదు. రోజూ వేసేవాడు, అమ్మమ్మ జీళ్ళు పెట్టేది." తన సూది నొప్పెడుతోందనేసరికి నర్సు నవ్వింది. జానకి డబ్బు కట్టే కిటికీ దగ్గరుంది, వినలేదు. నేను విన్నాను.

కోటయ్య అంటే మీ వీధి చివర ఆర్.ఎం.పి. డాక్టరు కదా? బాగున్న పిల్లకు రోజూ సూది ఎందుకు?

ఇది కయ్యానికి అడగడం లేదు. సంగతి ఇది. బిళ్ళ కాస్త జరిగింది, పక్క నుంచి రక్తం కారుతోంది, అందుకే ఆయాసం అన్నారు. రక్తంలో క్రిములు ఏమీ పెరగలేదు. జ్వరం నాలుగో తేదీ నుంచి లేదు. అందుకని అది మామూలు జ్వరమేనని తేల్చి, జూలై 30న మళ్ళీ తొడలోంచి వెళ్ళి, కారే చోట రెండో బిళ్ళ పెడతామన్నారు. నేను అడిగాను, "ఒకవేళ మొదటి బిళ్ళకు క్రిమి పట్టి ఉంటే?" అని. "మాతాజీ, అప్పుడు రెండోది పెట్టకూడదు. ఛాతీ తెరిచి మొదటిది కూడా తీసేయాలి. కానీ టెస్ట్ క్లీన్ ఉంది కదా" అన్నాడు ఆ డాక్టరు. ఇంతకుముందు ఎక్కడైనా యాంటీబయాటిక్ వేశారా అని అడిగితే జానకి లేదని చెప్పింది. తనకు తెలిసినది చెప్పింది. మందు పడిన పిల్ల రక్తంలో క్రిమి దాక్కుంటుందట, పరీక్షకు చిక్కదట.

జ్వరం లేదని వాళ్ళంటారు. సాయంత్రం ఆరింటికి థర్మామీటరు పెట్టి చూస్తే తొంభైతొమ్మిదిన్నర. రోజూ రాసి పెడుతున్నాను. ఆ కాగితం చూపిస్తే, "మాతాజీ కో పూరా హిసాబ్ చాహియే", మాతాజీకి పూర్తి లెక్క కావాలట, అని నవ్వారు.

కోటయ్య ఏ మందు వేశాడు, ఎన్నాళ్ళు వేశాడు. ఈ రెండే రాయండి.

మాణిక్యాంబ

•

బాపట్ల
17 జూలై 1998

వదినగారికి,

మీరు జ్యేష్ఠం లెక్క కట్టిన తీరుకు దణ్ణం పెట్టాలి. అవును, మే 21, గురువారం. తప్పు నాదే, జానకిని ఏమీ అనకండి. జ్యేష్ఠం దాటితే ఆషాఢం. ఆ తరువాత పిల్ల ఢిల్లీలో. మళ్ళీ మా ఇంటికి ఎప్పుడొస్తుందో, అప్పటికి చిట్టిబాబు ఏ ఊళ్ళో ఉంటాడో. వారం రోజుల తేడాకు గుండె తెలుసుకుంటుందా అనుకున్నాను. ముసలిదాన్ని, మీలా చదువుకోలేదు.

కోటయ్య వేసింది బలం సూది. పిల్ల అన్నం సరిగా తినడం లేదని నేనే వేయించాను. అంతకుమించి ఏమీ లేదు. ఆరేళ్ళ పిల్ల మాటలు పట్టుకుని నన్ను బోనెక్కిస్తున్నారు.

ఒక్క సంగతి అడుగుతాను, నొచ్చుకోకండి. బిళ్ళ పక్క నుంచి రక్తం కారుతున్నది ఇప్పుడు కొత్తగానా? డిసెంబరు పరీక్షలోనే కారుతోందని తేలింది కదా? అల్లుడుగారు సంక్రాంతి ముందు ఫోను చేసి, "అత్తయ్యగారూ, కొంచెం లీకు ఉంది, ఆరు నెలలు చూసి కావాలంటే మళ్ళీ చేస్తామంటున్నారు" అని నాతో స్వయంగా చెప్పారు. మీకు తెలుసుననే ఇన్నాళ్ళూ అనుకున్నాను. మొన్న మీ ఉత్తరం చూశాక అర్థమైంది, మీకు చెప్పలేదని. కన్నకొడుకు మీకు ఎందుకు చెప్పలేదో నాకు తెలియదు. నా అబద్ధాలు వెతికే ముందు మీ ఇంట్లో వెతకండి.

ఇంకోటి. పిల్ల ఇక్కడ మెట్లెక్కేటప్పుడు నోరు మూసుకుని, ముక్కుతోనే గాలి పీల్చేది. ఎందుకమ్మా అంటే, "నోరు తెరిస్తే నాయనమ్మ రాసేస్తుంది" అంది. ఇది నేను కల్పించింది కాదు.

సుభాషిణి

•

ఆర్.కె. పురం
20 జూలై 1998, స్పీడ్ పోస్టులో

సుభాషిణి వదినగారికి,

మీ ఉత్తరం ఇవాళ మధ్యాహ్నం వచ్చింది. అరుణ్ ఆఫీసు నుంచి వచ్చేదాకా ఆగి, కాఫీ ఇచ్చి, అడిగాను.

"డిసెంబరులోనే తెలుసా?"

కప్పు కింద పెట్టేశాడు. "ఎవరు చెప్పారు?"

"మీ అత్తగారు. బాపట్లకు తెలిసిన సంగతి పక్కగదికి తెలియలేదు."

"అమ్మా, నీకు చెబితే పిల్లకి తెలిసిపోతుంది."

"నేనెందుకు చెబుతాను?"

"నువ్వు చెప్పక్కర్లేదమ్మా. నువ్వు దాన్ని చూసే చూపులో తెలిసిపోతుంది."

జానకి వంటింటి గుమ్మంలో నిలబడి ఉంది. "అత్తయ్యగారూ, మీరు కోసి కుట్టించమన్నారు. మేం వినలేదు. లీకు ఉందని చెబితే మీరు 'నేను ముందే చెప్పాను' అంటారని..." అంది. నేను ఆ మాట అని ఉండేదాన్నే. కాదని ఆమెతో అనలేదు, మీతోనూ అనను.

ఇషిత నోరు మూసుకుని మెట్లెక్కే సంగతి నేను గమనించాను. పిల్ల బాగుపడుతోందని రాసుకున్నాను.

ఇంతకీ నాకు అర్థమైంది ఇది. ఈ కుటుంబంలో అందరూ అన్నీ ఒకరితో ఒకరు చెప్పుకుంటున్నారు. నాకు మాత్రం చెప్పరు. అది నేను తరువాత ఆలోచించుకుంటాను. ఇప్పుడు పది రోజులే ఉంది.

బలం సూది సంగతి నేను నమ్మలేదు. ఎందుకంటే బలం సూది కోటయ్య పెద్దవాళ్ళకు కూడా వారానికి ఒకటే వేస్తాడని మీరే జానకి పురిటప్పుడు నాతో అన్నారు. పిల్ల రోజూ అంది. అయితే మిమ్మల్ని మళ్ళీ నిలదీసి లాభం లేదు. నిలదీసిన కొద్దీ మీరు లోపలికి వెళ్ళిపోతున్నారు. మా అబ్బాయీ అంతే, పిల్లా అంతే.

అందుచేత నా మొదటి ఉత్తరంలో చివరి వాక్యాలు, ఇదే చివరి వేసవి అన్నవి, వెనక్కి తీసుకుంటున్నాను. కోపంలో రాసినవి కావు, బాగా ఆలోచించే రాశాను. అయినా వెనక్కి తీసుకుంటున్నాను. జ్వరం వచ్చిందని రాసినా సరే, రాలేదని రాసినా సరే, ఇషిత వచ్చే వేసవి మీ దగ్గరికి వస్తుంది. ఇది అరుణ్ ముందూ జానకి ముందూ చదివి వినిపించి మరీ కవరు అంటిస్తున్నాను. రేపు నేను మాట మారిస్తే వాళ్ళున్నారు.

జూలై 30న రెండో బిళ్ళ పెట్టేస్తారు. క్రిమి ఉన్న చోట పెడితే ఏమవుతుందో డాక్టరు పూర్తిగా చెప్పలేదు. చెప్పకపోవడమే చెప్పినట్టుంది.

నిజం ఏదైనా ఫరవాలేదు. వేగంగా రావాలి.

మాణిక్యాంబ

•

బాపట్ల
24 జూలై 1998, చిట్టిబాబు చేతికిచ్చి

వదినగారూ,

పోస్టును నమ్మక వీణ్ణే పంపుతున్నాను. రాసింది చదివాక ఇంకేమైనా అడగాలంటే వీణ్ణి అడగండి, అన్నీ చూసినవాడే. నేను అబద్ధం చెప్పమన్నా ఇక చెప్పనని ఒట్టు పెట్టుకుని వస్తున్నాడు.

జూన్ 10 సాయంత్రం పిల్లకు చలి వచ్చి జ్వరం వచ్చింది. ఎడమ చెవి తమ్మె అంతకు ముందే కొంచెం వాచి చీము పట్టింది, పసుపు పెట్టాను. రెండో రోజుకి ఒళ్ళు కాలిపోతుంటే కోటయ్యను పిలిచాను. అతను చెవి చూసి, చీము వల్లేనని, పొద్దునా సాయంత్రమూ సూది వేశాడు. వారం రోజులు. నాలుగో రోజుకే జ్వరం దిగింది. తరువాత గొట్టం మాత్రలు ఇచ్చాడు. ఆఖరి మాత్ర రైల్లో, నాగపూరు దాటాక, చిట్టిబాబు మజ్జిగలో కలిపి పట్టాడు. సూది మందు ఖాళీ సీసాలు కోటయ్య పారేయలేదు, రెండు దొరికాయి. మాత్రల పట్టీ కూడా పంపుతున్నాను. పేర్లు మీరే చదువుకోండి, నాకు రావు.

కోటయ్యకు గుండె సంగతి చెప్పలేదు. వీధిలో తెలిస్తే రేపు పెళ్ళీడుకు ఆ మాటే ముందు నడుస్తుందని. కాబట్టి అతన్ని తప్పు పట్టకండి.

జ్వరం వచ్చిన రాత్రే ఫోను చేయాలనుకున్నాను. అంకయ్యగారి గేటు దాకా వెళ్ళాను. మీ మాట గుర్తొచ్చింది. ఈ సంగతి ఢిల్లీకి తెలిస్తే ఇదే చివరిసారి పిల్ల మా గడప తొక్కడం అనుకున్నాను. తెల్లారేసరికి తగ్గిపోతుందిలే అని వెనక్కి వచ్చేశాను. నిజంగానే తగ్గింది కూడా. తగ్గకపోతే చేసేదాన్ని. ఇది మీరు నమ్మకపోవచ్చు.

మీరు వాక్యం వెనక్కి తీసుకున్నారు కాబట్టి ఇదంతా రాస్తున్నానని అనుకోకండి. నేనే అది తేల్చుకోలేకుండా ఉన్నాను.

ఛాతీ కోయాల్సి వస్తే నా మూలంగానేనా? డాక్టరు ఏమన్నా ఉన్నది ఉన్నట్టు రాయండి. మెత్తగా రాయకండి. మీకది చేతకాదు కూడా.

సుభాషిణి

•

ఆర్.కె. పురం
2 ఆగస్టు 1998, ఆదివారం

సుభాషిణి వదినగారికి,

చిట్టిబాబు 26వ తేదీ ఉదయం వచ్చాడు. పళ్ళు తోముకోకముందే ఆ సీసాలు బల్ల మీద పెట్టాడు. "అత్తయ్యగారూ, ముందు ఇవి. తిట్లు కాఫీ తరువాత" అన్నాడు. తిట్టలేదు. ఆదివారమైనా అతన్నీ సీసాలనూ తీసుకుని నేనే ఆసుపత్రికి వెళ్ళాను. నా థర్మామీటరు కాగితం చూసి నవ్విన డాక్టరే ఉన్నాడు. సీసాల మీది పేర్లు చదివాక ఆ కాగితం మళ్ళీ అడిగి తీసుకున్నాడు. ఈసారి మాతాజీ అనలేదు.

30వ తేదీ పని ఆపేశారు. దానికి బదులు పిల్లకు మత్తిచ్చి, గొంతులోంచి గొట్టం పంపి గుండెను దగ్గరగా చూశారు. బిళ్ళ అంచుకు బియ్యపుగింజంత గడ్డ పెరిగి ఉంది. కొత్తగా తీసిన రక్తంలో క్రిమి కూడా దొరికింది. రెండో బిళ్ళ పెట్టి ఉంటే ఆ గింజ ఊడి రక్తంతో పాటు ఊపిరితిత్తుల్లోకో తలలోకో పోయేదని డాక్టరు చెప్పాడు.

మీరు అడిగిన ప్రశ్న నేను అతన్ని అడిగాను. చెవుల వల్లేనా అని. చెవి కావచ్చు, మరేదైనా కావచ్చు, ఖాయంగా చెప్పలేనన్నాడు. కోటయ్య సూది జ్వరాన్ని దించింది, క్రిమిని దాచింది అన్నాడు. బిళ్ళ పక్కన కారడం మాత్రం మొదటి నుంచీ ఉన్నదేనట. బిళ్ళ కూర్చున్న చోట గోడ అంచు పల్చగా ఉంది. అంటే క్రిమి లేకపోయినా మళ్ళీ చేయవలసి వచ్చేదే. నేను మెత్తగా రాయలేదు. అతను చెప్పింది ఇంతే. నాకు మాత్రం చెవుల మీదే అనుమానం. అది పోలేదు, పోతుందని హామీ ఇవ్వను.

ఇషిత ఆసుపత్రిలో ఉంది. చేతికి సన్నని గొట్టం పెట్టి రోజూ మందు ఎక్కిస్తున్నారు. నిన్న నన్ను చూడగానే నోరు గట్టిగా మూసుకుంది. "నోరు తెరువు, గట్టిగా రొప్పు, నేనేం రాయను" అన్నాను. కాసేపు నా చేతుల వంక చూసింది, పెన్ను ఉందేమోనని. లేదని తేలాక, "నాయనమ్మా, అమ్మమ్మకు డాంట్ పడిందా?" అని అడిగింది. తిట్లు పడ్డాయా అని. లేదన్నాను. "సచ్చీ?" అంది, నిజమేనా అని. నమ్మలేదు. ఆ అనుమానం నా నుంచే వచ్చింది.

ఇకమీదట జరగవలసినవి రాస్తున్నాను. మీ దగ్గర ఒక నకలు ఉండాలి.

1. ఆరు వారాలు మందు. ఆ తరువాత ఛాతీ తెరిచి బిళ్ళ తీసి, రంధ్రానికి అతుకు వేసి కుడతారు. మచ్చ పడుతుంది. ఆ మచ్చ గురించి ఇరువైపులా ఎవరూ పిల్ల ముందు నిట్టూర్చకూడదు.

2. చిట్టిబాబు రక్తం పిల్లకు సరిపోయింది. ఆపరేషను అయ్యేదాకా అతను ఇక్కడే ఉండాలి. కటవారియా సరాయ్‌లో స్నేహితుడి గదిలో ఉంటానంటున్నాడు. అక్కర్లేదు, హాల్లో పరుపు వేశాను.

3. డాక్టరు ఏది చెప్పినా అదే రోజు అరుణ్ మీకూ నాకూ ఒకే మాటల్లో చెప్పాలి. వాడు ఒప్పుకున్నాడు. మీకు చెప్పింది మీరు నాకు రాయండి, నాకు చెప్పింది నేను మీకు రాస్తాను. తేడా వస్తే ఇద్దరం కలిసి అడుగుదాం.

4. కోటయ్యకు గుండె సంగతి మీరు స్వయంగా చెప్పాలి. వీధికి తెలిస్తే తెలుస్తుంది.

5. థర్మామీటరు జానకికి ఇచ్చేశాను. మళ్ళీ నా చేతిలో కనబడితే ఆమె తీసుకోవచ్చు.

6. మీరు ఆపరేషనుకు వారం ముందు రావాలి. నా గదిలో, కిటికీ వైపు మంచం మీది. ఏమేమి తెస్తున్నారో ముందుగా రాయండి. తెచ్చింది నాకు చూపించకుండా పిల్లకు పెట్టవద్దు. జీళ్ళు కూడా.

7. చెవుల రంధ్రాలు పూడిపోకుండా డాక్టరును అడిగి వేపపుల్లలు అలాగే ఉంచాను. కుట్టించింది ఎలాగూ కుట్టించారు. మేనమామ చేయించిన దుద్దులు మీరు వచ్చేటప్పుడు తీసుకురండి. పెట్టే రోజు డాక్టరు చెబుతాడు, మీ పంచాంగం కాదు.

8. వచ్చే వేసవి. వందేళ్ళ పంచాంగం తెప్పించి చూశాను. వచ్చే సంవత్సరం అధిక జ్యేష్ఠం. మే 16 నుంచి జూలై 13 దాకా, రెండు నెలలూ జ్యేష్ఠమే. ఇషిత తొలిచూలు కాబట్టి ఆ రెండు నెలల్లో మీరు ఏ ముహూర్తమూ పెట్టలేరు. అందుచేత డాక్టరు సరేనంటే, దానికి బడి సెలవులున్నన్నాళ్ళూ మీ దగ్గరే ఉంచుకోండి.

మాణిక్యాంబ